వలయం రెండో వైపు

కొండ మీది క్వార్టర్స్,
శుక్రవారం

అక్కా,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్లు అందాయి. ఎండాకాలంలో ఉన్ని మేజోళ్లేమిటని ఇక్కడ అందరూ నవ్వారు గానీ, రాత్రి టెలిస్కోపు డోము తెరిచాక నవ్వినవాళ్లే నా కాళ్ల వంక ఆశగా చూశారు.

ఫోను చెయ్యట్లేదని కోప్పడకు. ఉన్న ఒక్క ఫోనూ డైరెక్టరు గారి గదిలో ఉంది. పాము నిధికి కాపలా కాసినట్టు ఆయన దాని పక్కనే ఉంటారు. ఉత్తరాలే నయం. వారానికి రెండుసార్లు వ్యాను వస్తుంది, సరుకులు దింపి ఉత్తరాల సంచీ పట్టుకుపోతుంది.

"రాత్రంతా కూర్చుని ఏం చూస్తావే?" అని అడిగావు కదా, చెప్తాను. యురేనస్ అని ఒక మంచు గ్రహం ఉంది. దాని చుట్టూ సన్నటి వలయాలున్నాయి. శని వలయాల్లా తళతళలాడవు. బొగ్గంత నలుపు. నేరుగా చూస్తే ఏమీ కనిపించదు. వాటిని పట్టుకోవాలంటే ఆ గ్రహం ఏదైనా నక్షత్రం ముందు నుంచి పోయే రోజు కోసం కాచుకోవాలి. దీపం ముందు నుంచి ఎవరో నడిచిపోతే గోడ మీద వెలుగు ఒక్క క్షణం తగ్గినట్టు, ఒక్కో వలయం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం మసకబారుతుంది. ముందు ఒక వైపు వలయాలు, తరవాత గ్రహం, ఆ తరవాత రెండో వైపు వలయాలు. వెలుగు ఎప్పుడు తగ్గితే అప్పుడు టెలిస్కోపుకి తగిలించిన యంత్రంలోని కలం, కదిలే కాగితం మీద గీతని కిందికి లాగి ఒక గుంట గీస్తుంది.

గుంట రెండు వైపులా ఒకే దూరంలో పడితేనే అది వలయం. ఒక్క వైపే పడితే మబ్బు కావచ్చు, పొగ కావచ్చు, నా కునికిపాటు కూడా కావచ్చు. కిందటిసారి నాకు అలాగే జరిగింది. తెలిసిన వలయాలన్నిటికీ బయట ఒక చిన్న గుంట పడింది. రెండో వైపు వచ్చేసరికి మబ్బు పట్టింది. "మీ కలం తుమ్మిందేమో" అన్నారు మీటింగులో. ఏడుస్తూ మీ ఇంటికే వచ్చాను.

ఈ నెలాఖరున మళ్లీ అలాంటి రాత్రి వస్తోంది. ఇది పోతే నా జుట్టు నెరిసే దాకా మరొకటి లేదు.

మూడు కొండల అవతల నిన్నటి నుంచి పొగ కనిపిస్తోంది. ఎండిన అడవి కదా, ఏటా ఉండేదే అంటున్నారు. నువ్వు కంగారు పడకు. బావకి చెప్పు, తన గుడ్లగూబ క్షేమంగా ఉందని.

నీ చెల్లి


కంట్రోల్ రూమ్,
మంగళవారం

గుడ్లగూబా,

నువ్వు మూడు కొండల అవతల అన్నావు. నా గోడ మీది మ్యాపులో రెండు కొండలే. నీ ఉత్తరం సంచీలో ప్రయాణం చేస్తుండగానే నిప్పు ఒక కొండ దాటింది.

నా ఉద్యోగం నీకు తెలియనిదా. ఫోనెత్తుతాను, వైర్‌లెస్‌లో ఏ ఫైరింజను ఎటు పోవాలో చెప్తాను, మ్యాపు మీద ఎర్ర గుండుసూదులు గుచ్చుతాను. ఇన్నేళ్లలో ఆ సూదులు నా కంటికి సూదులుగానే కనిపించాయి. నిన్న ఒకటి మీ కొండ పక్క లోయలో గుచ్చబోయి రెండుసార్లు కింద పడేశాను. పక్క సీటు ఆవిడ "టీ తాగి రా, నేను చూస్తాను" అంది. టీ తాగడానికి వెళ్లి వట్టి గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

ఇంకో సంగతి. మీ బావని, ఆయన నీళ్ల బండిని మీ కొండ కింద చెక్‌పోస్టులో పెట్టారు. ఆయన అయితే సంబరంగా ఉన్నాడు. "మరదలి కొండకి కాపలా, జీతం అదనం" అంటున్నాడు. నాకు నవ్వు రాలేదు. పెళ్లైన కొత్తలో ఆయన బండి ఎక్కితే చాలు, నా ప్రాణం గొంతులోకి వచ్చేది. తరవాత తరవాత అలవాటైంది అనుకున్నాను. అలవాటు కాలేదు, పైన మూత పెట్టానంతే. ఇప్పుడు ఆ మూత కదులుతోంది.

నీ వలయం గురించి రాసింది రెండుసార్లు చదివాను. అర్థమైంది. కంటికి కనిపించని దాని కోసం ఇంత తపన ఏమిటో మాత్రం అర్థం కాలేదు. అయినా అది నీకు దొరకాలనే ఉంది.

కిందికి వచ్చెయ్యమని ఎప్పుడు చెబితే అప్పుడు వచ్చెయ్యి. ఎదురు చెప్పకు.

అక్క


కొండ మీది క్వార్టర్స్,
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం బావకి చూపించకు, వేళాకోళం చేస్తాడు. నాకు భయంగా ఉంది.

పొద్దున్న కిటికీ గట్టు మీద బూడిద కనిపించింది. వేలితో తుడిస్తే మెత్తగా, పౌడరులా ఉంది. సూర్యుడు రాగి పళ్లెంలా ఉన్నాడు, కళ్లార్పకుండా చూడొచ్చు. నిన్న మధ్యాహ్నం జింకలు రోడ్డు మీద నుంచి దిగి పోయాయి. పరుగెత్తలేదు. పద్ధతిగా, ముందే మాట్లాడుకున్నట్టు నడిచిపోయాయి. పరుగెత్తి ఉంటే ఇంత భయం వేసేది కాదనుకుంటాను. పక్షుల చప్పుడు లేదు. మన చెవులు పక్షులకి ఎంత అలవాటు పడి ఉంటాయో అవి లేనప్పుడే తెలుస్తుంది.

డోము మెకానిక్ పెళ్లాం బిడ్డల్ని తీసుకుని వెళ్లిపోయాడు. పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీరూ రండమ్మా, చుక్కలెక్కడికీ పోవు" అన్నాడు. చుక్కలు పోవు నిజమే. గ్రహమే పోతుంది.

పగలు పొగ ఉన్నా, రాత్రి గాలి మారితే నడినెత్తిన ఆకాశం తేటగా ఉంటోంది. నా నక్షత్రం ఉండేది అక్కడే. ఇంకా మూడు రాత్రులు. నిద్ర పట్టట్లేదు. కళ్లు మూస్తే కలం కదులుతున్నట్టే ఉంటుంది, కళ్లు తెరిస్తే పొగ వాసన.

డైరెక్టరు గారు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పగానే నీకు రాస్తాను.

చెల్లి


కంట్రోల్ రూమ్,
మంగళవారం

చెల్లీ,

డైరెక్టరు గారు ఏమీ చెప్పలేదా? కొండ ఖాళీ చెయ్యమని ఆర్డరు శనివారమే వెళ్లింది. ఫోనులో చదివి వినిపించింది నేనే. ఆయన ఆ సాయంత్రమే మీ అందరికీ చెప్పానని నాతోనే అన్నారు. నువ్వు ఆదివారం నాకు అబద్ధం రాశావు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట వెనకటికి ఒకడు. నువ్వు అచ్చం అలాగే ఉన్నావు. అడవి కాలుతుంటే ఆకాశంలో ఉంగరం వెతుక్కుంటున్నావు.

రేపు పొద్దున్న ఆఖరి వ్యాను. ఆ డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. అదే వ్యానులో ఎక్కు. నేను బతిమాలట్లేదు, చెప్తున్నాను.

అక్క


కొండ,
బుధవారం పొద్దున

అక్కా,

తిట్లు అందాయి. వ్యానులో చోటు లేదు, సామాను ఎక్కువైంది. డైరెక్టరు గారి జీపులో వెనకే వస్తున్నాను. రాత్రికి మీ ఇంట్లోనే భోజనం. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్రపోతుంటే లేపకు.

చెల్లి


విద్యార్థినుల హాస్టల్, అతిథి గది,
సోమవారం

అక్కా,

నువ్వు ఆస్పత్రి వరండాలో నాతో ఒకే ఒక్క మాట అన్నావు. "నువ్విక్కడ ఉండకు." ఉండలేదు. పని ఇక్కడి ఆఫీసుకి మార్చారు, వచ్చేశాను. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో నా నోటి నుంచి నువ్వు వినలేదు. వినాలి.

జీపులో వస్తానన్నది అబద్ధం. వ్యాను వాళ్లతో జీపులో వస్తానన్నాను, డైరెక్టరు గారితో వ్యానులో వెళ్తానన్నాను. రెండు బళ్లూ వెళ్లిపోయే దాకా స్టోరు గదిలో కూర్చున్నాను. ఇంజను చప్పుడు వినిపించకుండా పోయాక, కొండ మీద నేనొక్కదాన్నే మిగిలానని తెలిసి నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అప్పటికే ఫోను చచ్చిపోయింది. ఇక దిగాలన్నా దారి లేదు. నేను కోరుకున్నదీ అదే.

చీకటి పడ్డాక కింద లోయ ఎర్రగా ఉంది. పైన మాత్రం తేట. నక్షత్రం దొరికింది. కన్ను టెలిస్కోపు గొట్టానికి ఆనించి, అది పక్కకి జారకుండా చేత్తో సరిచేస్తూ నిలబడ్డాను. వెనక కలం గీస్తూనే ఉంది. తిరిగి చూసే వీలు లేదు, వింటున్నానంతే. మొదటి వైపు అయిపోయింది. గ్రహం నక్షత్రాన్ని కప్పేసింది. అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు.

బావ ఒక్కడే వచ్చాడు. మొహం నిండా మసి, కళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"దిగు," అన్నాడు.

"సగం అయింది బావా. రెండో వైపు ఇంకో గంటలో వస్తుంది. అదీ అయితేనే."

"నిప్పు నీకు బావ కాదే, ఆగమంటే ఆగడానికి."

నేను కదల్లేదు. గొట్టం పట్టుకుని నిలబడ్డాను, చిన్నపిల్ల గుంజ పట్టుకున్నట్టు. ఎత్తుకుని పోతాడనుకున్నాను. ఆయన నా వంక చూసి బండి దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చి, "గంట. తరవాత నువ్వు రాకపోతే నీ గొట్టంతో సహా మోసుకుపోతా," అన్నాడు. ఆ కాసేపట్లో ఏం ఆలోచించుకున్నాడో నేను అడగలేదు.

ఆ గంటా ఆయన ఊరికే కూర్చోలేదు. ట్యాంకులో నీళ్లన్నీ డోము మీదా, చుట్టూ ఎండిపోయి ఉన్న చెట్ల మీదా కొట్టాడు, నిప్పురవ్వ పడ్డా అంటుకోకుండా. పైన రేకు మీద వాన పడినట్టు చప్పుడు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "బావా, నీళ్లు లోపల పడతాయి, చూసి కొట్టు" అని అరిచాను. ఆ మాట నాకు రోజూ వినిపిస్తుంది.

నక్షత్రం గ్రహం వెనక నుంచి బయటికి వచ్చింది. రెండో వైపు నడిచింది. కాగితం చింపి చుట్ట చుట్టి చొక్కాలో దోపుకుని దిగాను. గాలి అప్పటికే లేచింది. రెండో మలుపులో మండుతున్న చెట్టు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. బావ బండి నీళ్ల గొట్టం తీసి తిప్పాడు. దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది, వట్టి గాలి. నీళ్లు లేవు. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

వెనక్కి తిరిగితే అక్కడా మంటే. రోడ్డు కింద వాన నీళ్లు పోయే తూము ఉంది. నన్ను అందులోకి తోసి, తడి కంబళి నా మీద కప్పి, తన చేతి తొడుగులు నాకు తొడిగి, బండి నుంచి ఊడబీకిన రేకు తలుపుని తూము మూతికి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. వట్టి చేతులతో. రేకు కాలుతున్న వాసన అనుకున్నాను, అక్కా. రేకు కాదు.

"కళ్లు మూసుకో, గూబా. పగలు నిద్రపోయేదానివేగా, ఇది పగలే అనుకో," అన్నాడు. తరవాత ఆయన దగ్గు తెల్లవారే దాకా వింటూనే ఉన్నాను. ఆగినప్పుడల్లా ఆయన వీపు మీద చెయ్యి వేసి చూశాను.

ఇదీ జరిగింది. కాగితం చుట్ట సూట్‌కేసు అడుగున ఉంది. విప్పలేదు.

ఆయన ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

చెల్లి


హాస్టల్,
గురువారం

అక్కా,

నెల దాటింది. పోస్టు వచ్చే వేళకి కిందికి దిగి నిలబడుతున్నాను. ఇక్కడి పిల్లలు నాకు ఎవరో ప్రియుడు రాస్తాడని అనుకుంటున్నారు.

పక్క గదిలో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే నేను మెట్లు దిగి రోడ్డు మీద ఉంటున్నాను. ఎలా దిగానో తెలియదు.

డైరెక్టరు గారు కాగితం పంపమని మూడోసారి అడిగారు. బావ గురించి ఆఫీసు వాళ్లని అడిగితే "ఇంటికి పంపించారట" అన్నారు. నయమై పంపారా, ఇక చేసేది లేదని పంపారా? అడగడానికి నోరు రాలేదు.

చెల్లి


ఇల్లు,
ఆదివారం

చెల్లీ,

బతికే ఉన్నాడు. నయమైతేనే ఇంటికి పంపారు, భయపడకు. అది ముందు రాయాల్సింది, రాశాను. చేతులకి తొడ మీది చర్మం తీసి వేశారు. వేళ్లు ఇంకా ముడుచుకోవు, అన్నం నేనే పెడుతున్నాను. "ఇన్నేళ్లకి రాజభోగం" అంటాడు. ఊపిరే సరిగ్గా లేదు. కొలిమి తిత్తిలా లాగుతుంది. రాత్రిళ్లు పక్కన పడుకుని వింటుంటాను. మధ్యలో ఒక్కసారి ఆగుతుంది. మళ్లీ అందుకునే దాకా నేనూ ఊపిరి తీసుకోను.

నీ మీద కోపంతో రాయలేదనుకున్నావు. మొదట కోపమే. వరండాలో నిన్ను చూస్తే నీ జుట్టు పట్టుకుని కొడతానేమోనని పొమ్మన్నాను. తరవాత రాయకపోవడానికి కారణం వేరే ఉంది.

కొండ దిగిన వాళ్లలో నువ్వు లేవని ఆ సాయంత్రం నాకే ముందు తెలిసింది. మా ఆఫీసరుకి చెప్పాలి. ఆయన మనుషుల్ని చూసి, రెండు బళ్లు కలిపి పంపుతాడు. అది పద్ధతి. నేను చెప్పలేదు. నేరుగా మీ బావని పిలిచాను. "అది పైనే ఉండిపోయింది" అన్నాను. వైర్‌లెస్‌లో బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.

తరవాత పైనుంచి వైర్‌లెస్‌లో అడిగాడు.

"మీ చెల్లి గంట అడుగుతోంది. కాళ్లు చేతులు కట్టేసి తెచ్చెయ్యమంటే తెచ్చేస్తా. గాలి ఎలా ఉందో చెప్పు."

మా గది బోర్డు మీద సుద్దతో రాసి ఉంది, గాలి పడిపోయిందని. కానీ అది చీకటి పడకముందు రాసింది. ఫోనెత్తి వాతావరణం ఆఫీసుని అడిగితే కొత్త సంగతి చెప్పేవాళ్లు. ఫోను నా మోచేతి దగ్గరే ఉంది. ఎత్తలేదు. గాలి లేచిందంటారేమోనని ఎత్తలేదు. కిందటిసారి నువ్వు ఏడుస్తూ మా ఇంటికొచ్చి, రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నావు. అదే కళ్ల ముందు మెదిలింది.

"గాలి లేదు. గంట ఇవ్వు," అన్నాను.

ఆయన పెట్టేసిన కాసేపటికే ఫోను దానంతట అదే మోగింది. గాలి దిక్కు మారింది, కొండ వైపు లేచింది అని. వైర్‌లెస్‌లో పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను. ఆయన బండిలో లేడు. నీ డోము మీద నీళ్లు కొడుతున్నాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఎంక్వయిరీ వాళ్లకి మీ బావ, "నేనే ఆగాను, నా సొంత నిర్ణయం" అని చెప్పాడు. నా పేరు రానివ్వలేదు. గాలి అనుకోకుండా మారిందనే ఆయన నమ్మకం. బోర్డు మీది మాట పాతదని ఆయనకి తెలియదు. ఆయనకి అన్నం కలిపి పెడుతూ, ఆ సంగతి నోటి దాకా వచ్చి, మింగేస్తున్నాను. ఈ ఇంట్లో నాకు ఇప్పుడు ఆయన ముఖం చూడాలంటే భయం.

రోజూ నిద్రలేవగానే ఒకటే అడుగుతాడు. "గూబ కాగితం విప్పిందా? ఉందా, లేదా?" ఇంకా తెలియదంటున్నాను. విప్పి చూడు. లేకపోయినా ఉందనే రాయి. ఆయనకి చదివి వినిపిస్తాను.

అక్క


హాస్టల్,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పొద్దున్న పిల్లలంతా కాలేజీకి వెళ్లాక భోజనాల బల్ల మీద కాగితం పరిచాను. అది చాలా పొడుగు. బల్ల చాలక నేల మీదికి జారింది. మోకాళ్ల మీద పాకుతూ చూశాను.

మొదటి వైపు శుభ్రంగా ఉంది. తెలిసిన వలయాలన్నీ వరసగా ఉన్నాయి. వాటికి బయట చిన్న గుంట, కిందటిసారి పడిన దూరంలోనే. తరవాత గ్రహం కప్పేసిన చోట గీత అడుగున చదునుగా సాగింది. ఆ చదును గీత వెంట పాకుతున్నంతసేపూ, ఇక్కడే బావ మెట్లెక్కాడు, ఇక్కడే నిన్ను అడిగాడు, ఇక్కడే నువ్వు ఫోను వైపు చూశావు అనుకుంటూ పాకాను. రెండో వైపు పొగ వల్ల గీత వణికింది. అయినా వలయాలు తెలుస్తున్నాయి. వాటి బయట, ఉండాల్సిన దూరంలో, ఆ చిన్న గుంట ఉంది.

ఉంది, అక్కా. నువ్వు అబద్ధమైనా ఉందనే రాయమన్నావు కాబట్టి నా మాట నమ్మవు. అందుకే కాగితమే తెస్తున్నాను.

సంతోషం రాలేదు. లేకపోయి ఉంటే అన్యాయంగా ఇంత చేశానని ఏడ్చి ఊరుకునేదాన్ని. ఉంది కాబట్టి ఇప్పుడు అందరూ మెచ్చుకుంటారు. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టిస్తారు. ఎప్పుడో ఒకరోజు నేనూ, పోనీలే, దొరికింది కదా అనుకుంటానేమో. అది తలుచుకుంటే ఆ తూములో వేసినంత భయం వేస్తోంది.

బోర్డు సంగతి బావకి ఎప్పటికీ చెప్పకు అని మొదట రాశాను. కొట్టేశాను. పైన కనిపిస్తున్న కొట్టివేతలు అవే. నేను స్టోరు గదిలో దాక్కున్నాను, నువ్వు ఫోను ఎత్తలేదు. మనం దాచిన వాటికి ఆయన చేతులు కాలాయి. ఇంకా దాస్తే ఆయన ఎవరి చేతి అన్నం తింటున్నాడో ఆయనకే తెలియదు. నేను పక్కన కూర్చుంటాను, నువ్వు చెప్పు. ఆయన తిడితే ఇద్దరినీ తిడతాడు. మాట్లాడ్డం మానేస్తే ఇద్దరితోనూ మానేస్తాడు. క్షమిస్తాడేమో అని మాత్రం నేను రాయను. నాకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. బస్టాండుకి రావద్దు, ఆయన్ని ఒంటరిగా వదలకు. తలుపు మాత్రం నువ్వే తియ్యి. ఆయన దగ్గు వీధిలోకి వినిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయేమో, చెయ్యి పట్టుకుని లోపలికి లాగు.

చెల్లి